చిట్కా చాలన్నదెవరు?

వయోజన విద్య మీద నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట ఒక మాట తప్పకుండా వస్తుంది. పెద్దవాళ్లకు సంతకం వస్తే చాలు, బస్సు బోర్డు చదివితే చాలు, బ్యాంకు ఫారం నింపుకుని నాలుగు కూడికలు చేసుకుంటే మహాభాగ్యం. లంబకోణ త్రిభుజాలూ కర్ణాలూ వాళ్లకెందుకండీ? అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పగలంతా ఎండలో పనిచేసి వచ్చిన మనిషి నెత్తిన ఇంకో బరువు పెట్టడం ఎందుకన్న జాలితో అంటారు. నా పేచీ ఆ జాలితోనే.

ఈ మధ్య అదే మాట కొత్త చొక్కా తొడుక్కుని వస్తోంది. "తాపీమేస్త్రీకి మనం చెప్పేదేముంది? మూడు, నాలుగు, ఐదు అని వాళ్ల తాతల నాటి నుంచీ తెలుసు. బతుకే వాళ్ల బడి. మన సిద్ధాంతాలు వాళ్ల మీద రుద్దకూడదు." వినడానికి ఎంత మర్యాదగా ఉంది! మొదటి రకంవాళ్లు చేతకాదని నేర్పడం మానేస్తే, రెండో రకంవాళ్లు వచ్చేసిందని మానేస్తారు. నేర్చుకోవాలని వచ్చిన మనిషి రెండు చోట్ల నుంచీ ఉత్త చేతులతోనే వెళ్తాడు. నిజానికి మొదటివాళ్లతో వాదించడం తేలిక. కష్టమంతా రెండో రకంతోనే, ఎందుకంటే వాళ్ల మాటలో సగం నిజం ఉంది.

ఆ సగం నిజం ఎంతవరకు నిలుస్తుందో ఇల్లు కట్టే చోటే చూద్దాం. ముగ్గు పోసే రోజు మేస్త్రీ మూలన మేకు కొడతాడు, దారం లాగుతాడు. ఒక దారం మీద మూడడుగులు, రెండో దారం మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టిస్తాడు. ఐదడుగులు వస్తే మూల కుదిరినట్టే. పద్ధతి నిక్కమైనదే. కానీ టేపు రెండో కొస పట్టుకున్న కుర్రాడి చెయ్యి అరంగుళం జారిందనుకోండి, అంటే ఐదడుగుల అరంగుళం దగ్గర "సరిపోయింది" అన్నాడనుకోండి. మూల ఒక డిగ్రీ తెరుచుకుంటుంది. మూడడుగుల బొమ్మలో ఆ డిగ్రీ కంటికి ఆనదు. అదే దారాన్ని నలభై అడుగుల గోడగా సాగదీస్తే ఆ చివర ఎనిమిది అంగుళాలు పక్కకు పోతుంది. అప్పుడు తెలియదు. ఆరు నెలల తర్వాత టైల్స్ మేస్త్రీ వచ్చి, గోడవారన చివరి వరుస ఒక కొస నిండుగా, ఇంకో కొస చీలికలా కోయాల్సి వచ్చినప్పుడు తాపీమేస్త్రీని తిట్టుకుంటాడు.

అదే మనిషి మూడు, నాలుగు, ఐదును నాలుగింతలు చేసి 12, 16, 20 అడుగులు పట్టుకుని ఉంటే? అదే అరంగుళం జారినా పావు డిగ్రీయే తేడా. నలభై అడుగుల కొసన రెండంగుళాలు. మంచి మేస్త్రీలు ఈ పని చేస్తారు, కాదనను. ఆరు, ఎనిమిది, పది పట్టేవాళ్లున్నారు, ఇంకా పెద్దది పట్టేవాళ్లున్నారు. ఎందుకని అడిగితే "పెద్దగా పడితే బాగా కలుస్తుంది" అంటారు. అనుభవం వాళ్లకు సగం కారణం చెప్పింది. మిగతా సగం ఎవరూ చెప్పలేదు. వాళ్ల దగ్గర పనిచేసే కుర్రాడికి మాత్రం ఆ సగమూ అందదు, మూడంకెలే అందుతాయి. ఇటుకలు మోసే ఆడ కూలీలకు అవీ అందవు. ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నా వాళ్ల చేతికి టేపు రాదు. "వాళ్లకు తెలుసు" అనేవాళ్లు ఆ "వాళ్లు" ఎవరో ఒకసారి లెక్క చూసుకోవాలి. తెలిసింది మేస్త్రీకి. తక్కిన పదిమందికి తెలిసిందల్లా మేస్త్రీకి తెలుసన్న సంగతే.

ఇంకో చిట్కా ఉంది, ఇంతకంటే ప్రమాదకరమైనది. "క్రాస్ కలిసింది" అంటారు. నాలుగు మూలల స్థలంలో ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు టేపు లాగి, రెండు కొలతలూ సమానమైతే నాలుగు మూలలూ మట్టంగా, అంటే లంబకోణంగా, ఉన్నట్టేనని నమ్మకం. ఎదురెదురు వైపులు సమానంగా ఉంటేనే అది నిజం. ముందువైపు 30 అడుగులు, వెనకవైపు 32 అడుగులు ఉండి, పక్క గోడలు రెండూ సమానంగా ఉన్న స్థలంలోనూ క్రాస్ కలవవచ్చు. అలా కలిసినా ఒక్క మూల కూడా మట్టంగా ఉండదు. చిట్కా నేర్చినవాడికి ఇది ఎప్పటికీ తట్టదు, తట్టే దారి ఆ చిట్కాలో లేదు కాబట్టి. క్రాసులు ఎప్పుడు సమానమవుతాయి, ఎందుకవుతాయి అని ఒక్కసారి ఆలోచించినవాడు ముందు ఎదురెదురు వైపులు కొలిచి, ఆ తర్వాతే క్రాస్ జోలికి వెళ్తాడు.

ఇల్లు సరే, కొంచెం వంకర వచ్చినా బతికేస్తాం. నేల సంగతి చూద్దాం.

మన ఊళ్లల్లో నాలుగు వైపుల స్థలం వైశాల్యం కట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. ఎదురెదురు వైపులు రెండూ కూడి సగం చేయడం, మిగతా రెండూ కూడి సగం చేయడం, ఆ రెండు సగాలూ గుణించడం. స్థలం నాలుగు మూలలూ మట్టంగా ఉంటేనే ఈ లెక్క సరైనది. మరే ఆకారమైనా లెక్క ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. అంటే మూల వంకరైన ప్రతిసారీ లాభం అమ్మేవాడిది, నష్టం కొనేవాడిది.

ఎంత నష్టం? ఒక వైపు 30 గజాలు, ఇంకో వైపు 40 గజాలు, ఎదుటి వైపులు కూడా అంతే అనుకోండి. కాగితం మీద 1200 చదరపు గజాలు. కొనేవాడు ఇంకొక్కసారి టేపు లాగి మూల నుంచి మూలకు కొలిస్తే కథ తేలుతుంది. అక్కడ 50 వస్తే స్థలం మట్టంగా ఉంది, 1200 నిజం. 50 బదులు 40 వచ్చిందనుకోండి. అప్పుడా స్థలం రెండు త్రిభుజాలుగా విడిపోతుంది. ఒక్కోదానికి పాదం 30, మిగతా రెండు వైపులూ 40, 40. పాదం నడిమధ్య మేకు కొట్టి ఎదుటి మూలకు టేపు లాగితే 37 గజాల పైచిలుకు వస్తుంది. లాగడానికి వీల్లేకుండా మధ్యలో చెట్టో గుడిసో ఉంటే లెక్క కట్టుకోవచ్చు: 40ని 40తో గుణిస్తే 1600, అందులోంచి పదిహేను పదిహేన్ల 225 తీసేస్తే 1375, దాని వర్గమూలం 37 చిల్లర. సగం పాదం 15తో గుణిస్తే ఒక్కో త్రిభుజం 556. రెండూ కలిపి 1112. మాయమైనవి 88 చదరపు గజాలు. సెంటుకు 48.4 గజాల చొప్పున అవి సెంటూ ముప్పావుకు ఎక్కువే, దాదాపు సెంటూ ఎనభై పాయింట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పట్టణ పేదలకు ప్రభుత్వం పంచిన ఇంటిస్థలం ఒక్కోటి ఒక సెంటు. ఒక మూల చూసుకోకపోతే అంతకంటే పెద్ద జాగాయే గాల్లో కలిసిపోతుందన్నమాట. ఈ లెక్కకు కావలసినవి గుణకారం, తీసివేత, ఒక టేపు, ఒక లంబకోణ త్రిభుజం. మొదటి రెండూ మన వయోజన తరగతుల్లో చెబుతూనే ఉన్నారు కదా! మూడోది కిరాణా కొట్లో దొరుకుతుంది. నాలుగోది మాత్రం "వాళ్లకెందుకు"!

ఇంటిస్థలం నుంచి పొలానికి వెళ్దాం. రైతు ఇంట్లో పెట్టెలో ఉండే పొలం కాగితం ఏమిటి? కోస్తా, రాయలసీమల్లో దాన్ని ఎఫ్‌ఎంబీ అంటారు, తెలంగాణలో టిప్పన్ అంటారు. తన పొలం కొలతల పటం. ఎఫ్‌ఎంబీ నకలు తెరిచి చూడండి. పొలం అడ్డంగా ఒక కర్ణం గీసి ఉంటుంది. గట్టు వంపు తిరిగిన చోటల్లా ఆ గీత మీదికి లంబాలు దించి ఉంటాయి, పక్కన కొలతలు. పొలాన్ని త్రిభుజాలుగా కోసి కొలవడమే ఆ సర్వే పద్ధతి. తన ఆస్తి హక్కు మొత్తం లంబకోణాల్లో రాసి ఉంటే, ఆ మనిషికి మనం నేర్పింది ఆ కాగితం కింద సంతకం పెట్టడం. హద్దు తగాదా వచ్చిన రోజు పటం పట్టుకుని సర్వేయరు దగ్గరికి, అక్కణ్నుంచి వకీలు దగ్గరికి తిరుగుతాడు. పటంలో ఏ గీత దేనికో అడగడానికి కూడా నోరు పెగలదు. పెద్దవాళ్లకు జామెట్రీ బరువని జాలిపడేవాళ్లు ఈ తిరుగుడు బరువును తూకం వేసినట్టు లేదు.

"ఇప్పుడన్నీ ఫోన్లో ఉన్నాయి" అని ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. పొలం చుట్టూ నడిస్తే ఫోనే వైశాల్యం చెబుతుంది, నిజమే. మామూలు ఫోను జీపీఎస్ ఆకాశం తేటగా కనిపించే చోట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పదెకరాల చేలో దానివల్ల పెద్ద నష్టం లేదు. ముప్పై గజాల ఇంటిస్థలానికి, అంటే 27 మీటర్ల వైపుకు, నాలుగు మీటర్లు తప్పితే అది కొలత కాదు, సోది. ఫోను చేయగలిగిన పని ఒకటుంది, దాన్ని సంతోషంగా దానికే వదిలేద్దాం: వర్గమూలం తీయడం. 1375 కొడితే 37.08 అంటుంది. కొట్టాల్సింది 1375 అని తేల్చుకోవడం మాత్రం మనిషి పని. నేర్పాల్సింది అదే.

ఇక పుస్తకాలు చదివిన ప్రత్యర్థి ఉంటాడు. ఆయన బ్రెజిల్ తీసుకొస్తాడు. రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్మే పిల్లలు బేరం దగ్గర చకచకా సరైన లెక్క చెప్పి, అదే లెక్క కాగితం మీద ఇస్తే తప్పు చేశారని 1985లో టెరెజిన్యా నూనెస్, డేవిడ్ కారహెర్, అనలూసియా ష్లీమాన్ చూపించారు. గొప్ప పరిశోధన, ఎన్నిసార్లు చదివినా తరగనిది. కానీ దాన్నుంచి మనవాళ్లు తీసే నీతి చూడండి: చూశారా, వాళ్లకు బడి అక్కర్లేదు! ఆ పరిశోధన బడిని సిగ్గుపడమంది. సెలవు తీసుకోమని ఎక్కడా అనలేదు. లెక్క తెలిసిన పిల్లవాడిని తెలియనివాడిగా చేసి చూపిన కాగితాన్ని మార్చాలి. పిల్లవాడిని కొబ్బరికాయల దగ్గరే వదిలేసి చప్పట్లు కొడితే అతనికి ఒరిగేదేముంది?

ఈ మాట నాకంటే బాగా మొజాంబిక్‌లో పాలస్ గెర్డెస్ చేసి చూపించాడు. 1975లో స్వాతంత్ర్యం వచ్చిన దేశం అది. ఉపాధ్యాయులను తయారుచేసే పనిలో ఉన్నాడు ఆయన. అక్కడి రైతులు ఇంటి పునాది గీసేటప్పుడు సమానమైన రెండు తాళ్లు తీసుకుని, నడిమధ్య రెంటినీ ముడేసి, నాలుగు కొసలూ బిగుతుగా లాగి మేకులు కొడతారు. నాలుగు మేకులూ దీర్ఘచతురస్రం మూలలవుతాయి. గెర్డెస్ దీన్ని మెచ్చుకుని ఊరుకోలేదు. ఇలా ఎందుకు జరిగి తీరాలి అని తరగతిలో అడిగాడు. రైతు చేతిలో ఉన్న పనిని ప్రశ్నగా మార్చి ప్రమేయం దాకా లాక్కెళ్లాడు. గౌరవం అంటే అది. "మీకు తెలుసు" అని దండం పెట్టి వెళ్లిపోవడం ఎగవేతకు మర్యాదైన పేరు.

సందట్లో సడేమియాగా ఇంకొకరు లేచి "అసలు పైథాగరస్ కంటే ముందే బౌధాయనుడు చెప్పాడు" అంటారు. చెప్పాడు, శుల్బసూత్రాల్లో ఉంది. ఇద్దరికంటే పాతదైన బాబిలోనియా మట్టిపలకలో, ప్లింప్టన్ 322లో, ఇలాంటి అంకెల పట్టికే ఉంది. ఎవరిదైతేనేం, గోడ వంకరైన ఇంటివాడికి ఈ పంచాయితీతో పనిలేదు. బౌధాయనుడి మీద ఉపన్యాసాలిచ్చే ఉత్సాహంలో పదోవంతు ఆ ప్రమేయాన్ని ఒక తాపీ కూలీకి నేర్పడంలో చూపిస్తే ఆయన ఆత్మ శాంతిస్తుంది.

"సరే, ఎలా నేర్పుతారు? నిరూపణ వాళ్లకు ఎక్కుతుందా?" అసలు భయం ఇక్కడుంది. మనకు పదో తరగతిలో ఎక్కలేదు కాబట్టి ఎవరికీ ఎక్కదని. మనకు ఎక్కకపోవడానికి కారణం వేరు: కట్టడం కొలవకుండానే దాని ఎత్తు కట్టాం, కోణం చూడకుండానే సైన్ 30 సగం అని బట్టీ పట్టాం. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టే పెద్దవాళ్ల చేత కూడా అదే చేయిస్తున్నాం.

ముగ్గు తెలిసినవాళ్లకు ఈ నిరూపణ చుక్కలతో చెప్పవచ్చు. వరుసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరుసల చుక్కలు పెట్టమనండి. చుట్టూ గీత గీస్తే ఏడు గడులకు ఏడు గడుల చదరం, మొత్తం 49 గడులు. ప్రతి మూల నుంచీ ఒకే వైపుగా మూడు గడులు లెక్కపెట్టి గుర్తు పెట్టాలి. నాలుగు గుర్తులూ కలిపితే లోపల ఏటవాలుగా ఇంకో చదరం వస్తుంది. మూలల్లో నాలుగు త్రిభుజాలు మిగిలాయి, ఒక్కోదానికి ఒక వైపు మూడు, ఇంకో వైపు నాలుగు. మూడు నాలుగ్గడుల దీర్ఘచతురస్రంలో సగం కాబట్టి ఒక్కోటి ఆరు గడులు. నాలుగూ కలిపి 24. నలభై తొమ్మిదిలోంచి 24 పోతే 25. లోపలి చదరం 25 గడులంటే దాని వైపు ఐదు. మూడు, నాలుగు, ఐదు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ముగ్గులోంచి వచ్చింది.

అన్ని కొలతలకూ ఇలాగే అవుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు, మోసపోయిన అనుభవం ఉన్నవాళ్లు కదా. అప్పుడు ఆ నాలుగు త్రిభుజాలనూ కాగితంలో కత్తిరించి, రెండేసి జతచేసి అదే పెద్ద చదరంలో రెండు మూలలకు సర్దమనండి. మిగిలిన ఖాళీ రెండు చదరాలుగా కనిపిస్తుంది: ఒకటి మూడు మూళ్లది, ఇంకోటి నాలుగు నాలుగులది. పెద్ద చదరం మారలేదు, త్రిభుజాలు మారలేదు. కాబట్టి మిగిలిన చోటూ మారలేదు. ఇందులో మూడు, నాలుగు అన్న అంకెలతో పనే పడలేదు కాబట్టి ఏ కొలతలకైనా ఇదే మాట.

మేస్త్రీకి కావలసింది దీనికి తిరగబడిన మాట. మూల మట్టమైతే ఐదు వస్తుందని నిరూపించాం; ఐదు వస్తే మూల మట్టమేనని ఆయనకు కావాలి. రెండు బద్దలు తీసుకుని కొసన ఒకే మేకుతో బిగించండి. ఒక బద్ద మీద మూడడుగులకు, రెండో దాని మీద నాలుగడుగులకు గుర్తు. బద్దలు మెల్లగా తెరుస్తూ పోతే గుర్తుల మధ్య దూరం పెరుగుతూనే ఉంటుంది, వెనక్కి రాదు. కాబట్టి ఐదు ఒక్కచోటే వస్తుంది, అది మట్టమైన చోటే. ఐదు దాటితే మూల ఎక్కువ తెరుచుకుంది, లోపలికి తేవాలి. తక్కువైతే మూసుకుంది, బయటికి జరపాలి. బడి పుస్తకంలో విపర్యయం పేరుతో భయపెట్టే సంగతి ఇంతే. దారం ఎటు జరపాలో కుర్రాడు ఇక మేస్త్రీని అడగక్కర్లేదు.

తక్కిన పనుల్లోకి ఇది దానంతటదే పాకుతుంది. కుట్టు నేర్చుకునే అమ్మాయి జాకెట్ మెడకు పైపింగ్ పట్టీలు క్రాస్‌లో కోస్తుంది; అంగుళం పట్టీ కావాలని అంచు మీద అంగుళం గుర్తు పెడితే చేతికొచ్చేది ముప్పావు అంగుళానికి కూడా తక్కువ. అంచు మీద 1.4 అంగుళాలు పెట్టాలి, ఏటవాలు గీతకు లంబంగా కొలిస్తేనే అంగుళం. రేకుల షెడ్డు వేసే వెల్డరు ఇరవై అడుగుల వెడల్పుకు నడిమి ఎత్తు మూడడుగుల నుంచి ఐదుకు పెంచితే వాలు పొడవు కూడా రెండడుగులు పెరుగుతుందని భయపడతాడు, పెరిగేది తొమ్మిదంగుళాలు. బళ్లముందు కట్టే ర్యాంపుల సంగతి చెప్పనక్కర్లేదు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలన్న నియమం తెలిసినా, పద్దెనిమిది అంగుళాల గడపకు పద్దెనిమిది అడుగులు పడుతుందని తెలియక, చక్రాల కుర్చీ జారిపడే కొండలు కడుతున్నారు.

నాకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాచను. నేర్పేదెవరు? 2022లో మొదలైన వయోజన విద్యా కార్యక్రమం ఉల్లాస్ స్వచ్ఛంద కార్యకర్తల మీదే నడుస్తోంది. వాళ్లలో చాలామందికి మనకు లాగే లంబకోణం మార్కుల కోసం చదివిన పాఠం. నిజమే. అందుకే కార్యకర్త పక్కన ఊరి మేస్త్రీనో, కుట్టు టీచరునో కూర్చోబెట్టాలంటాను. పని తెలిసినవాళ్లు పని చూపిస్తారు, కారణం కార్యకర్త చెబుతుంది, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. ఊరికి ఒక టేపు, కాస్త ముగ్గుపిండి, రెండు బద్దలు ఖర్చు. మన నెల్లూరు జిల్లాలోనే 1990ల మొదట్లో రాత్రి బడి వాచకంలోని పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్షరాలతో అంత పని చేయగలిగినవాళ్లు టేపుతో ఏం చేయగలరో మనం చూడలేదు, చూడనివ్వలేదు.

ఉల్లాస్ పరీక్ష 150 మార్కులది: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ఆ లెక్కల యాభైలోంచి ఐదు నాకివ్వండి. పరీక్ష రోజున బడి ఆవరణలో నాలుగు మేకులు కొట్టించండి, ఒక వైపు 6 మీటర్లు, పక్కది 8, ఎదుటివి కూడా అంతే. కానీ మూల మాత్రం కావాలని కాస్త వంకరగా. చేతికి టేపు ఇచ్చి ఒకే ప్రశ్న అడగండి: ఈ స్థలం 48 చదరపు మీటర్లని చెప్పి అమ్ముతున్నారు, కొంటారా?